పక్క సీటు

“తప్పు నాదే, తప్పు నాదే అని నడివీధిలో అరిచింది నీ నోరా, నా నోరా?”

నిన్న సాయంత్రం నుంచి అత్తగారు అదే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు. అడిగి అడిగి ఆవిడ గొంతు బొంగురుపోయింది గాని ప్రశ్నకు మాత్రం పదును తగ్గలేదు.

“నా నోరే అత్తయ్యా.”

“మరింకేం! వీధి వీధంతా విన్నది. ఎదురు మేడమీద అద్దెకున్నవాళ్ళు కిటికీలు తెరుచుకుని మరీ విన్నారు. ఇప్పుడు పోయి, అబ్బే నేను కాదండీ, బండి నడిపింది మా ఆయన అంటే నమ్మడానికి వాళ్ళేమన్నా చెవుల్లో పువ్వులు పెట్టుకున్నారా?”

ఆమె గ్లాసుడు నీళ్ళు తాగింది. వాదించి వాదించి నోరెండిపోయింది.

కిటికీ పక్కన పడక్కుర్చీలో భర్త వీధివైపు తిరిగి కూర్చున్నాడు. వాకిట్లో కారు మీద టార్పాలిన్ కప్పి ఉంది. దాని కింద పగిలిన లైటు, సొట్టపడ్డ బానెట్టు. వాటిని కప్పడానికి నిన్న చూపించిన తొందరలో సగమైనా వానలో పడి ఉన్న మనిషిని లేపడానికి చూపించలేదు ఈయన. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

“వదినా,” అన్నాడు మరిది, సోఫాలో ముందుకు జరిగి. అతను ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఇంట్లోవాళ్ళ దృష్టిలో మాత్రం ముప్పాతిక వకీలు. “మీరు కోపం కాస్త పక్కన పెట్టి వినండి. మధ్యాహ్నం పోలీసు స్టేషన్‌లో మీరు చెప్పాల్సింది నాలుగు ముక్కలు. వాన పడుతోంది. వెలుతురు లేదు. మన వీధి చివర టైలరమ్మ గొడుగు అడ్డం పెట్టుకుని రోడ్డు దాటింది. మీరు బ్రేకు వేస్తే బండి జారింది. అంతే. దేవుడొచ్చి అడిగినా ఇంతకు మించి ఒక్క అక్షరం చెప్పకండి.”

“నేను బ్రేకు వేస్తే బండి జారదు.”

“అబ్బా, అది కాదు వదినా...”

“అదే. వానలో బ్రేకు ఎలా వెయ్యాలో ఊళ్ళో సగం మందికి నేర్పిందాన్ని నేను. జారింది అని నా నోటితో చెబితే రేపు నా పక్కన ఎవడు కూర్చుంటాడు?”

“ఎవడూ కూర్చోకపోతే మానె,” అన్నాడు భర్త, వీధివైపు నుంచి తల తిప్పకుండానే. “నువ్వు నేర్పితే తప్ప ఈ ఇంట్లో పొయ్యి వెలగదా?”

ఆ మాట వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

ఆయనకు టైల్స్ షాపు ఉంది. కాలనీ సంఘానికి చాలాకాలంగా ప్రెసిడెంటు. ఆ పిలుపు ఇంటిదాకా పాకి, “ప్రెసిడెంటు స్నానం చేశాడా?” అని కన్నతల్లే అడిగే స్థితికి వచ్చింది. కాలువ పూడిక తీయాలన్నా, వీధిలైటు వెలగాలన్నా అందరూ ఈయన గుమ్మంలోకే వస్తారు. ఈయన కూడా ఎవరినీ ఉత్త చేతులతో పంపడు. అదంతా నిజమే. ఆయన మంచివాడు కాదని ఆమె ఏనాడూ అనుకోలేదు. మంచివాడని నలుగురూ అనుకోని రోజు ఆయన ఎలా బతుకుతాడో మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూస్తోంది.

“ఈ వీధిలో స్పీడ్ బ్రేకర్లు వేయించింది నేను,” అన్నాడాయన. “పిల్లలు తిరిగే చోటు, నెమ్మదిగా వెళ్ళండి అని బోర్డు పెట్టించింది నేను. దాని కింద నా పేరుంది.”

“ఆ బోర్డు ముందే గుద్దారు.”

“చూశావా అమ్మా! చూశావా దాని మాట!”

“ఏం, అబద్ధమా? ఆ బోర్డు కనబడగానే నేను ‘నెమ్మది’ అన్నానా లేదా? అనగానే మీరేం చేశారు?”

మరిది తన గోళ్ళను పరీక్షగా చూసుకున్నాడు.

ఏం చేశాడో ఆ గదిలో అందరికీ తెలుసు. యాక్సిలరేటరు తొక్కాడు. ‘నాకు నేర్పుతున్నావా?’ అన్నాడు, తొక్కాడు. ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే గొడుగు ఒకటి బానెట్టు మీదికి ఎగిరింది.

పెళ్ళయిన కొత్తలోనే ఆమెకు ఒక సంగతి అర్థమైపోయింది. ఈయన పక్కన కూర్చున్నప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని, చూపు కిటికీ బయట పెట్టుకుని ఉండాలి. ఈయన గేరు మార్చకుండా మలుపు తిప్పినా, లారీని ఒరుసుకుంటూ పోయినా ఉలుకూ పలుకూ ఉండకూడదు. అలాగే ఉంటూ వచ్చింది. ఉన్న ఒక్క కారులో ఈయన ఎక్కితే స్టీరింగు ఈయనది. ఊరందరికీ డ్రైవింగు నేర్పే మనిషి సొంత కారులో పక్క సీటుకు పరిమితం. ‘మగాడు పక్కన కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?’ అన్నారు అత్తగారు ఒకప్పుడు. ఆ తరవాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నిజానికి డ్రైవింగు స్కూల్లో కూడా ఆమె కూర్చునేది పక్క సీటులోనే. కాని ఆ కారులో ఆమె కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ఆ సీటులో కూర్చున్నాక ఆమెకు పెద్దా చిన్నా లేదు. బ్యాంకు మేనేజరైనా, పిల్లల డాక్టరైనా, “కాలు తియ్యి! తియ్యమన్నానా! అద్దంలో చూడు, నా మొహం కాదు!” అనే. దించాక మళ్ళీ మీరు, గారు, నమస్కారం. ఒకసారి ఒక ముసలి ప్రొఫెసరు గారు, “అమ్మా, మా ఆవిడ కూడా నన్ను ఇన్ని తిట్లు తిట్టలేదు,” అంటే, “ఆవిడ దగ్గర బ్రేకు లేదు కదండీ, అందుకే ఓర్చుకుంది,” అంది. ఆ మాటకు ఆయన నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. టైలరమ్మ ఆమెకు పెట్టిన పేరు బ్రేకమ్మ. అది వీధంతా పాకింది.

ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉంది. నేర్చుకునేవాడు దేన్ని గుద్దినా, గోడ కానీ, గేదె కానీ, తోపుడు బండి కానీ, మొదట దిగాల్సింది పక్క సీటులో ఉన్న మనిషి. దిగి, నలుగురూ పోగవకముందే, “తప్పు నాదే, తప్పు నాదే” అనాలి. స్టీరింగు ముందున్న వాడు అప్పటికే వణికిపోతుంటాడు. జనం వాడిమీద పడ్డారంటే జన్మలో మళ్ళీ బండి ముట్టుకోడు. అందుకని ఆ మాట మొదట పడాలి. ఏళ్ళ తరబడి అంటూ అంటూ అది ఆమె ఒంట్లోకి ఇంకిపోయింది. నిన్న చప్పుడు వినబడిన మరుక్షణం ఆమె తలుపు తోసుకుని దిగింది. దిగుతూనే అరిచింది.

అది ఆమె ఉద్యోగం అరిచిన అరుపు. వీధి దాన్ని భార్య ఒప్పుకోలుగా విన్నది. ఈ ఇల్లు దాన్ని పట్టుకుని వేలాడుతోంది.

“పోనీ అదే నిజమనుకో,” అన్నారు అత్తగారు, కోడలి మొహంలో ఏం చూశారో, కాస్త గొంతు తగ్గించి. “నువ్వు నెమ్మది గిమ్మది అనకుండా నీ మానాన నువ్వు కూర్చుంటే వాడు తొక్కేవాడా? ఇన్నేళ్ళు కూర్చోలేదూ? నిన్ననే ఏం పుట్టింది నీకు? ఎలా చూసినా తప్పు నీదేనే తల్లీ.”

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపు కంటే ముందు వచ్చే నవ్వు.

“అంటే నేను మాట్లాడినా తప్పే, మాట్లాడకపోయినా తప్పే. నడిపితే ఎలాగూ తప్పు. నడపకపోయినా తప్పేనా అత్తయ్యా?”

“ఇదిగో, లా పాయింట్లు తియ్యకు.”

“తియ్యనివ్వండి, మీ చిన్నబ్బాయికి పనికొస్తాయి.”

భర్త ఒక్క ఉదుటున లేచాడు. పడక్కుర్చీ వెనక్కి వెళ్ళి గోడకు కొట్టుకుంది. “చాలు! ఇరవై ఏళ్ళుగా ఈ ఇంటి పరువు మీద బతికావు. ఇవాళ ఒక్క మాట చెప్పమంటే గింజుకుంటున్నావు. నేను తలెత్తుకుని తిరక్కపోతే నువ్వు తిరగగలవా? నోరు మూసుకుని పోయి బట్టలు మార్చుకో. మూడింటి దాకా ఎందుకు, ఇప్పుడే స్టేషన్‌కి పోదాం పద!”

ఆయన చెయ్యి ఆమె భుజం దాకా వచ్చింది.

“కూర్చో.”

గట్టిగా అనలేదు. మలుపులో లారీ ఎదురైనప్పుడు అనే మాటలా, పొట్టిగా, చల్లగా అంది. ఆ మాటకు ఆయన కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలియలేదు.

అత్తగారు నోరు తెరిచారు, మూయడం మరిచిపోయారు.

మరిది గోళ్ళు చూసుకోవడం ఆపి వదినను చూశాడు. ఆ గొంతును ఆమె ఈ గుమ్మం లోపలికి ఎప్పుడూ తేలేదు. చెప్పులు విడిచినట్టు బయటే విడిచి వచ్చేది.

“ఎవర్ని పట్టుకుని ఏకవచనం!” అని అత్తగారు తేరుకునే సరికి భర్త మళ్ళీ లేచి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది. కాని అరవలేదు. తమ్ముడివైపు చూశాడు. తరవాత మూసి ఉన్న కూతురి గది తలుపువైపు చూశాడు. చొక్కా సర్దుకుని, చెప్పులు తొడుక్కుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

ఆయన అంత త్వరగా చల్లబడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

*

కూతురు మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. కాలేజీకి వెళ్ళలేదు. చదువుతున్నట్టు పుస్తకం ఒకటి ఒళ్ళో ఉంది గాని అది తలకిందులుగా ఉన్నా తేడా తెలిసేలా లేదు.

“వెనక సీట్లో నువ్వున్నావు,” అంది ఆమె తలుపు దగ్గరగా వేసి.

“ఉన్నాను.”

“చూశావు.”

“చూశానమ్మా. ఎన్నిసార్లు అడుగుతావు?”

“అయితే మధ్యాహ్నం నాతో రా. నువ్వు ఏమీ మాట్లాడక్కర్లేదు. పక్కన నిలబడు చాలు.”

కూతురు పుస్తకం మూసింది. “నువ్వెందుకు అరిచావు అలా? నాన్న ఇంకా డోరు కూడా తియ్యలేదు. నిన్నెవరు అరవమన్నారు?”

“అది నా అలవాటు. స్కూల్లో...”

“నాకు తెలుసు నీ స్కూలు!” పిల్ల గొంతు ఒక్కసారి పైకి లేచింది. “పోయిన నెల మా ఫ్రెండు బండి మీద వస్తూ మీ స్కూలు కారు వెనకాల ఆగాను. సిగ్నల్ దగ్గర. ఎవరో పెద్దాయన్ని వాయించేస్తున్నావు. చేతులు తిప్పుతూ, పెద్దగా నవ్వుతూ. మా ఫ్రెండు, ఎవర్రా ఆవిడ భలే ఉంది అంది. మా అమ్మ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నిజంగా నువ్వు కాదేమో అనిపించింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే నాన్న టీ చల్లారింది అన్నాడు, నువ్వు మాట్లాడకుండా కప్పు తీసుకెళ్ళి మళ్ళీ పెట్టావు. ఆ ఇద్దర్లో నువ్వెవరు?”

“ఇద్దరూ నేనే.”

“అబద్ధం. వాళ్ళకి ఒకరికొకరు పరిచయం కూడా లేదు.”

ఆమె మంచం చివర కూర్చుంది. కోపం రావాల్సిన చోట ఏదో బరువుగా దిగింది. ఈ పిల్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? ఇంట్లో ఓర్చుకోవడం చేతకానితనం అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అదొక బలం అనుకుంది. ఎంత పడేసినా మోయగలిగిన మనిషిని నేను, వీళ్ళే పాపం మోయలేనివాళ్ళు అని లోలోపల ఒక చిన్న గర్వం కూడా ఉండేది. ఆ గర్వం మీదే ఇన్నేళ్ళూ టీ కప్పులు మళ్ళీ మళ్ళీ పొయ్యెక్కాయి.

“వస్తావా రావా?” అంది.

“నన్ను అడగొద్దమ్మా. ప్లీజ్.”

అలా అంటూ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె పిల్ల వీపు మీద చెయ్యి వేయబోయి మానుకుని లేచింది.

*

ఆసుపత్రి వార్డులో టైలరమ్మ మంచం కిటికీ పక్కనే. కుడికాలు తొడ దాకా కట్టు కట్టి, బరువు వేలాడదీసి పైకెత్తి పెట్టారు. కుట్టుమిషన్ తొక్కే కాలు అది. వీధి చివర మెట్ల కింద గదిలో పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా ఆడుతూనే ఉండేది.

“వచ్చావా బ్రేకమ్మా,” అంది టైలరమ్మ. నవ్వలేదు. “రా, కూర్చో. మీ వాళ్ళు వంతులవారీగా వస్తున్నట్టున్నారు. పొద్దున్నే మీ మరిది పళ్ళు పట్టుకొచ్చాడు. మా వదినే నడిపింది, పాపం కుమిలిపోతోంది, పెద్ద మనసు చేసుకోండి అన్నాడు. ఉన్న మనసు ఇంతే బాబూ, పెద్దదీ చిన్నదీ లేదు అన్నాను. పళ్ళు నర్సు పిల్లకిచ్చేశాను.”

“నొప్పి ఎలా ఉంది అక్కా?”

“నొప్పికేం, దివ్యంగా ఉంది. నాకొక్క సంగతి చెప్పు. నిన్న నా మీదికి వంగి, తప్పు నాదే తప్పు నాదే అంటూ నా తల నీ ఒళ్ళో పెట్టుకున్నావు. నేను కళ్ళు మూసుకుని పడున్నా చెవులు పనిచేస్తున్నాయి. ఎందుకన్నావు ఆ మాట?”

“అలవాటు మీద వచ్చేసింది.”

“నువ్వు కాదు నడిపింది.”

ఆమె తలెత్తింది. “నువ్వు చూశావా?”

“నేనేం చూళ్ళేదు. గొడుగు అడ్డం ఉంది. చూస్తేనేగాని తెలియదా? నువ్వు ఆ సీట్లో ఉంటే నా కాలు నాకుండేది. రోజూ నా గది ముందు నుంచే కదా నీ శిష్యులు పోయేది. కోడిపిల్ల అడ్డొచ్చినా ఆపిస్తావు నువ్వు.”

ఆమె మంచం మీదికి వంగింది. “అక్కా, నిజం చెబుతాను. మా ఆయన...”

“ఆగు. నాకెందుకు చెప్పడం? ఇక్కడ నా చెవిలో చెప్పేసి, కళ్ళు తుడుచుకుని, అక్కడికి పోయి ఇంకోటి చెబుదామనా?” టైలరమ్మ మోచేతుల మీద లేవబోయింది. నొప్పికి మొహం మెలితిరిగింది. అయినా ఆగలేదు. “నీ సంగతి నాకు తెలియదూ! పక్కింటి గోడ కూలినా నేనే తోశాను అనేస్తావు. అదో గొప్ప నీకు. అందరిదీ నెత్తిన పెట్టుకుంటే నువ్వు అందరికంటే ఒక మెట్టు పైన ఉన్నట్టు. మొయ్యి, ఎవరొద్దన్నారు? నీ బరువు నీ ఇష్టం. కానీ ఇది నా కాలు. దీన్ని ఎవడు విరిచాడన్నది నా సొత్తు. దాన్ని తీసి నీ మొగుడికి దానం చెయ్యడానికి నువ్వెవరు?”

పక్క మంచం మీద ముసలావిడ తల తిప్పి చూసింది. నర్సు అటుగా వస్తూ ఆగిపోయింది.

నిన్నటినుంచి అందరూ ఆమెను తిట్టారు. అందరి తిట్లకూ ఆమె దగ్గర జవాబు ఉంది. దీనికి లేదు. ఇంట్లో మాట్లాడినంతసేపూ ఆమె తన లైసెన్సు గురించి మాట్లాడింది, తన పరువు గురించి, తన పక్కన ఎవరు కూర్చుంటారన్న దాని గురించి మాట్లాడింది. ఈ మనిషి కాలు గురించి మొగుడు మాట్లాడలేదు సరే. తానైనా మాట్లాడిందా?

“ఏడవకు,” అంది టైలరమ్మ విసుగ్గా. “ఏడిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. స్టేషన్‌కి ఎన్నింటికి పోవాలి?”

“మూడింటికి.”

“మరి ఇక్కడేం చేస్తున్నావు? పో.”

*

స్టేషన్ ఆమె అనుకున్నంత పెద్దగా లేదు. వరండాలో ఒక బల్ల, దాని మీద ఎవరో మరిచిపోయిన టిఫిన్ డబ్బా. లోపల గదిలో ఫ్యాను కిరకిరమంటోంది. వాళ్ళు రమ్మన్న టైముకంటే ముందే వచ్చింది ఆమె. ఇంట్లోవాళ్ళు బయల్దేరకముందే చెప్పేయాలని దార్లో పరుగులాంటి నడక నడిచింది. చెప్పాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకుంది. నడిపింది నా భర్త. నేను పక్కన కూర్చున్నాను. టైలరమ్మ తప్పేమీ లేదు. ఇంతే. మూడే మాటలు.

“బండి కేసా? రండమ్మా,” అన్నాడు లోపల ఆఫీసరు, తలెత్తి. నడివయసు మనిషి. రోజంతా అబద్ధాలు విని విని చెవులు అలిసిపోయినట్టున్నాడు. “మీకోసమే చూస్తున్నా. మీవాళ్ళ పని అయిపోయింది.”

“మావాళ్ళా?”

అప్పుడు చూసింది. బీరువా వెనక, గోడవారగా వేసిన కుర్చీల్లో భర్త, ఆయన పక్కన కూతురు. పిల్ల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చూపు కిటికీ బయట పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆమె రెండడుగులు పిల్లవైపు వేసింది.

“మీ అమ్మాయి ధైర్యం గల పిల్ల,” అన్నాడు ఆఫీసరు. “మేం అడక్కముందే వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సంతకం కూడా పెట్టింది. వెనక సీట్లో ఉంది కాబట్టి ప్రత్యక్ష సాక్షి. ఇంక మీది కూడా రాసుకుంటే నా పని సులువైపోతుంది.”

“ఏం చెప్పింది?”

“అమ్మ నడిపింది, అమ్మ బ్రేకు వేసింది, బండి జారింది. ఏం, అలా కాదా?”

భర్త లేచి వచ్చాడు. సంఘం మీటింగుల్లో పెద్దల తగాదాలు తీర్చేటప్పుడు వాడే గొంతు, మెత్తగా, దూదిలా. “నిన్నటినుంచి తిండి లేదు సార్, నిద్ర లేదు. షాకులో ఉంది. ఏదేదో మాట్లాడుతోంది ఇంట్లో. మీరు కాస్త...”

“నేను దీనితో ఒక్క నిమిషం మాట్లాడాలి,” అంది ఆమె ఆఫీసరుతో. భర్తవైపు చూడలేదు. చూస్తే ఏం చేస్తుందో తనకే తెలియదు.

కూతురి రెక్క పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చింది. పట్టు గట్టిగా ఉందని తెలుసు. వదల్లేదు.

“ఎవరు చెప్పమన్నారు? నాన్నా, బాబాయా?”

“ఎవరూ కాదు.”

“నా మొహం చూసి చెప్పు.”

పిల్ల చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని వాటిల్లో భయం లేదు. అదే ఆమెను ఎక్కువ కోసింది.

“నాన్న అడిగాడు. బతిమాలాడు. నాన్న నన్ను ఎప్పుడైనా బతిమాలాడా అమ్మా? కారు పక్కన నిలబడి చేతులు పట్టుకున్నాడు.” పిల్ల గొంతు తగ్గించింది. “నువ్వు తట్టుకుంటావమ్మా. నాన్న తట్టుకోలేడు. నీకు లైసెన్సు పోతే నువ్వు ఇంకోటి చేస్తావు. నాన్న సంగతి వీధిలో తెలిసిందంటే నాన్న ఉండడు. అంతే.”

“నేను తట్టుకుంటానని నీకెవరు చెప్పారు?”

“నువ్వే!” పిల్ల గొంతు చిట్లింది. “రోజూ నువ్వే చెప్పావు. నోటితో కాదు. ఒక్కసారైనా నావల్ల కాదు అన్నావా మా ముందు? అన్నీ నువ్వే మోస్తుంటే, ఇది కూడా మోస్తావనే కదా మేం అనుకునేది! ఇప్పుడొచ్చి కొత్తగా నావల్ల కాదంటే మేమేం చెయ్యాలి?”

చెంప మీద కొట్టాలని చెయ్యి లేచింది. గాలిలోనే ఆగిపోయింది. కొట్టాల్సింది ఈ చెంపనేనా అన్న అనుమానం ఆ చేతికే వచ్చినట్టుంది.

ఈ పిల్లను తానే పెంచింది. తిట్టకుండా, తిట్టనివ్వకుండా, అన్నీ తాను పడుతూ పెంచింది. చూసి నేర్చుకుంటుంది అనుకుంది. నేర్చుకుంది. మోయడం కాదు, ఎవరి నెత్తిన పెట్టాలో నేర్చుకుంది.

“టైలరమ్మ కాలు సంగతి ఆలోచించావా?” అంది చివరికి.

ఆ సంగతి ఇప్పుడే మొదటిసారి తలలోకి వచ్చినట్టు ఉంది పిల్ల మొహం.

“అమ్మా, లోపలికి రండి. నాకు వేరే పనుంది,” అని ఆఫీసరు కేకేశాడు.

ఇద్దరూ లోపలికి వచ్చారు. ఆఫీసరు కాగితం ముందుకు లాక్కున్నాడు. ఆమె మొహంలోకి ఒకసారి, భర్త మొహంలోకి ఒకసారి చూశాడు. ఇలాంటి గదుల్లో ఇలాంటి మొహాలు చాలా చూసిన మనిషి. కలం తెరవకుండానే అన్నాడు:

“మీరు చెప్పకముందే ఒక మాట. మీ అమ్మాయి చెప్పిందీ మీరు చెప్పేదీ ఒకటైతే ఏ గొడవా లేదు. వేరువేరైతే ఇద్దర్లో ఒకరు నాకు అబద్ధం చెప్పినట్టు. అది చిన్న సంగతి కాదు. చదువుకునే పిల్ల. రేపు ఉద్యోగానికి వెళ్ళినా ఇది వెంటపడుతుంది. ఆలోచించుకుని చెప్పండి. బండి ఎవరు నడిపారు?”

ఫ్యాను కిరకిరమంటోంది. భర్త చొక్కా జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. భార్యవైపు కాదు, నేలవైపు చూస్తూ, “చెప్పు మరి,” అన్నాడు. పొద్దుటి అరుపు దాంట్లో లేదు. అడుక్కోవడం ఉంది. ఇరవై ఏళ్ళలో ఆయన తననేదైనా అడుక్కోవడం ఆమె వినడం ఇదే మొదటిసారి. అది విని జాలి పడబోయిన తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె మాట్లాడకపోవడంతో ఆయనకు కాస్త ధైర్యం వచ్చింది. కూతురి భుజం మీద చెయ్యి వేసి, “పదమ్మా, మనం బయట కూర్చుందాం. అమ్మ చెబుతుంది,” అని తలుపువైపు తిప్పాడు.

“దాన్ని తీసుకెళ్ళకండి.”

భర్త ఆగాడు.

“ఇన్నాళ్ళూ దీని ముందు నోరు విప్పకుండానే అన్నీ మోశాను,” అంది ఆమె. “ఇప్పుడు నేను చెప్పేది ఇది వినాలి. ఇక్కడే, నా ముందు నిలబడి వినాలి. తరవాత నన్ను తిట్టుకున్నా సరే.”

“అమ్మా, వద్దు,” అంది కూతురు. “అమ్మా...”

ఆఫీసరు కలం మూత తీశాడు.

“రాసుకోండి,” అంది ఆమె, కూతురి కళ్ళలోంచి చూపు తిప్పకుండా.